కెమెరా మీద తువ్వాల: ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దాయన కేస్ స్టడీ

ఈ కేస్ రాస్తానంటే ఆయనా, పిల్లలిద్దరూ సరే అన్నారు. గుర్తుపట్టే వీల్లేకుండా కొన్ని వివరాలు మార్చాను, పేర్లు పెట్టట్లేదు, పెద్దాయన అనే రాస్తా. నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని, ఈసీఐఎల్ వైపు ఒక చిన్న క్లినిక్‌లో సైకియాట్రిస్ట్‌తో కలిసి పనిచేస్తాను. ఇలాంటి ఇళ్ళు మన హైదరాబాద్‌లో ఇప్పుడు గల్లీకొకటి ఉన్నాయి, పిల్లల్లో ఒకరు అమెరికాలో, ఒకరు సిటీకి ఆ చివర, ఇంట్లో ఒక్క మనిషి, చుట్టూ కెమెరాలు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

పెద్దాయనకి 71 ఏళ్ళు, సొంతూరు జనగామ వైపు, ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. కుషాయిగూడ దగ్గర సొంతిల్లు, పైన ఒక ఫ్యామిలీ అద్దెకుంటారు. షుగర్ చాలా ఏళ్ళ నుంచి ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. మా దగ్గరికి వచ్చేటప్పటికి భార్య పోయి 14 నెలలు. కూతురు పెద్దది, నిజాంపేట్‌లో ఉంటుంది, ఉద్యోగం, ఇంట్లో అత్తామామలు. కొడుకు డల్లాస్.

కూతురు ఫైల్ పట్టుకుని వచ్చి మొదటి మాటే "మేడం, బాపుకి అల్జీమర్స్ టెస్ట్ చేయించాలి" అంది. గ్యాస్ మీద పాలు పెట్టి మర్చిపోతున్నారు, స్నానం చెయ్యరు, నాలుగు రోజులు అదే చొక్కా, ఫోన్ ఎత్తరు, ఎత్తినా ఏది అడిగినా "ఏమో" అంటారు, బ్యాంకుకని బయల్దేరి సగం దారిలోంచి తిరిగొచ్చేశారు, మనిషి ఏడు కిలోలు తగ్గిపోయారు, వంటమనిషి పెట్టిన అన్నం వీధి కుక్కకి వేస్తున్నారని పైవాళ్ళు చెప్పారు. ఇవన్నీ చెప్పి చివర్లో గొంతు తగ్గించి ఇంకోటి చెప్పింది, హాల్లో తమ్ముడు పెట్టించిన కెమెరా మీద బాపు తువ్వాల కప్పేస్తున్నారు, తీసేస్తే మళ్ళీ కప్పేస్తున్నారు, తమ్ముడు నెట్‌లో చదివి ఇది అనుమానం జబ్బేమో, డిమెన్షియాలో ఇట్లనే మొదలవుతుందట అంటున్నాడు అని.

కొడుకు అప్పటికే శామీర్‌పేట వైపు ఒక కేర్ హోమ్‌తో మాట్లాడి అడ్వాన్స్ కట్టడానికి రెడీగా ఉన్నాడు. అక్కకి అది ఇష్టం లేదు, అలాగని తన ఇంటికి తీసుకెళ్ళే పరిస్థితీ లేదు. "ఉంచుకోలేవు, పంపనియ్యవు, ఏం చేద్దామంటవ్ మరి" అని వాడు, "డాలర్లు పంపితే అయిపోతదా" అని ఈమె, అలా మాటా మాటా పెరిగి అక్కాతమ్ముళ్ళు సరిగ్గా మాట్లాడుకోవడం మానేశారు. పెద్దాయన పక్కనే కూర్చుని ఇదంతా వింటున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన గురించే మాట్లాడుతున్నాం, ఆయనతో ఎవ్వరం మాట్లాడట్లేదు, ఇలాంటి ఇళ్ళలో నేను ముందుగా చూసేది ఇదే.

మొదటి అంచనా

కూతుర్ని బయట కూర్చోబెట్టి ఆయనతో విడిగా మాట్లాడాను. "నాకేం యాదికుంటలేదు మేడం, నా పని అయిపోయింది" అన్నారు. ఇది నాకు ముఖ్యమైన క్లూ. డిమెన్షియా మొదట్లో చాలామంది మతిమరుపుని దాచుకుంటారు, ఏదో ఒక జవాబు చెప్పి కవర్ చేస్తారు, ఇంట్లోవాళ్ళే పట్టుకుంటారు. డిప్రెషన్‌లో ఉన్న పెద్దవాళ్ళు మాత్రం నాకు మతి పోయింది అని తామే బాధపడతారు, తేదీ అడిగితే ప్రయత్నం కూడా చెయ్యకుండా "తెల్వది" అంటారు, కొంచెం ఆగి, మెల్లగా అడిగితే సగం చెప్తారు. పైగా మార్పు మొదలైంది ఎప్పుడో లెక్కేస్తే భార్య పోయిన రెండు మూడు నెలల తర్వాత, అంతకుముందు డిపో దోస్తుల పెన్షన్ కాగితాలన్నీ ఈయనే చూసేవారట. పొద్దున పూట మరీ దిగులు, సాయంత్రానికి కొంచెం నయం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ, ఇది డిప్రెషన్‌లో మాకు బాగా తెలిసిన పద్ధతి. అలాగని ఈ గుర్తులు చూసి డిమెన్షియా లేదని తేల్చెయ్యకూడదు, రెండూ కలిసి ఉండొచ్చు, ముసలితనంలో మొదటిసారి వచ్చే డిప్రెషన్ కొందరిలో డిమెన్షియాకి ముందు మెట్టు కూడా.

జీడీఎస్ అని వయసు మళ్ళినవాళ్ళ కోసం చేసిన డిప్రెషన్ స్కేల్ ఉంది, 15 ప్రశ్నలు, అవును కాదు అంటే చాలు. ఆయన స్కోర్ 11, ఐదు దాటితే ఆలోచించాలి. 30 మార్కుల జ్ఞాపకశక్తి పరీక్షలో 21 వచ్చింది. ఆ 21 చూసి చాలామంది అక్కడే డిమెన్షియా అని రాసేస్తారు, డిప్రెషన్ తగ్గాక మళ్ళీ పెట్టి చూడకుండా ఆ మాట అనకూడదని నా అభిప్రాయం.

చచ్చిపోవాలనిపిస్తుందా అని నేరుగానే అడిగాను. అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని ఇంట్లోవాళ్ళు భయపడతారు, అలా ఏం అవ్వదు, అడిగితే మనిషికి ఊపిరి తీసుకున్నట్టుంటుంది. ఆయన "చావాలని ఏం లేదు బిడ్డా, పొద్దుగాల లేవకుంటే మంచిగుండు అనిపిస్తది" అన్నారు. మేడం నుంచి బిడ్డా అయింది అక్కడే. ప్లాన్ ఏమీ లేదు. కానీ పెద్దవాళ్ళ విషయంలో ఈ మాటని తేలిగ్గా తీసుకోకూడదు, వాళ్ళు ముందు హెచ్చరించడం తక్కువ, ప్రయత్నిస్తే ప్రాణం పోయే అవకాశం ఎక్కువ. ఇంట్లో ఏ మందులు ఎన్ని ఉన్నాయో అన్నీ సంచిలో వేసి తీసుకురమ్మని కూతురికి చెప్పాను.

ఆ సంచిలో దొరికింది ఇంకో ముక్క. అల్ప్రాజోలం స్ట్రిప్పులు. భార్యకి ఎప్పుడో నిద్ర పట్టట్లేదని ఎవరో రాసిచ్చిన పాత చీటీ, ఆమె పోయాక ఈయన ఆ చీటీతోనే గల్లీ మెడికల్ షాపులో కొనుక్కుని రోజూ ఒకటి, ఒక్కో రాత్రి రెండు వేసుకుంటున్నారు. కల్తీ కల్లులో కలుపుతున్నారని పేపర్లో చదువుతుంటామే, అదే మందు ఇది. షెడ్యూల్ హెచ్1 అని ప్రభుత్వం గట్టి నిబంధనలు పెట్టిన మందుల లిస్టులో ఉంది, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, చీటీ మీద అమ్మినా రిజిస్టర్‌లో రాసుకోవాలి. పెద్దవాళ్ళలో ఇది మతిమరుపు తెస్తుంది, పొద్దున లేవనివ్వదు, రాత్రి బాత్రూంకి వెళ్ళేటప్పుడు కింద పడేస్తుంది. కుటుంబం చెప్పిన లక్షణాల్లో కొన్ని ఈ చిన్న గోళీవే.

మా డాక్టర్‌గారు బ్రెయిన్ స్కాన్, థైరాయిడ్, సోడియం, హిమోగ్లోబిన్, బి12 రాశారు. స్కాన్‌లో వయసుకి తగ్గ మార్పులే. బి12 మాత్రం బాగా తక్కువ. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బి12 తగ్గడం మామూలే, అది తగ్గితే దిగులు, మతిమరుపు రెండూ పెరుగుతాయి, అయినా షుగర్ చెకప్‌లలో దీన్ని చూడటం తక్కువ. మీ ఇంట్లో మెట్‌ఫార్మిన్ వాడే పెద్దవాళ్ళుంటే ఈసారి రక్తపరీక్షలో బి12 కూడా రాయమని అడగండి.

మందుల సంగతి ఇక్కడే చెప్పేస్తా. బి12 ఇంజెక్షన్లు. అల్ప్రాజోలం ఒక్కసారిగా ఆపితే వణుకు, నిద్రలేమి, కొందరికి ఫిట్స్ కూడా రావొచ్చు, అందుకే డాక్టర్ కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోయారు. డిప్రెషన్‌కి ఎస్సిటాలోప్రామ్, 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి తర్వాత 10. ఈ వయసులో ఈ రకం మందులకి సోడియం పడిపోయే ప్రమాదం ఉంటుంది, అందుకని రెండు వారాలకి రక్తపరీక్ష మళ్ళీ చేయించారు. నెల దాకా పెద్ద మార్పు కనిపించకపోవచ్చు, మధ్యలో ఆపొద్దని ముందే చెప్పాం. మందులన్నీ వారం డబ్బాలో సర్ది మిగతావి కూతురు తన దగ్గర పెట్టుకుంది. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 నంబర్ ఇంట్లో ఫోన్ పక్కన అంటించాం, తెలుగులో మాట్లాడతారు, రాత్రి పగలు ఎప్పుడైనా ఫ్రీ. పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567 కూడా రాశాం.

ఆయన ఎవరికీ చెప్పని మాట

మందులు మొదలైన కొన్ని వారాలకి ఆయన కొంచెం నిద్రపోవడం, కొంచెం తినడం మొదలైంది, అప్పుడు మాటలు వచ్చాయి. భార్య గురించి అడిగితే అప్పటిదాకా "పోయింది" అని ఊరుకునేవారు. ఆ రోజు మాత్రం చాలాసేపు నేలవైపు చూసి, జేబులోంచి దస్తీ తీసి మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టి, అప్పుడు చెప్పారు. ఆమె ఆ రాత్రి ఛాతీలో మంట, వీపు గుంజుతుంది అంటే గ్యాస్ అనుకుని గ్యాస్ గోళీ ఇచ్చి "పండుకో, పొద్దుగాల చూద్దాం" అన్నారట. పొద్దున లేచి చూస్తే ఒళ్ళు చల్లగా ఉంది. పిల్లలకి "నిద్రలనే పోయింది" అని మాత్రమే చెప్పారు. "నేనే సంపుకున్న బిడ్డా. బస్సు ఇంజిన్ల చిన్న సప్పుడొస్తే ఆపి చూసెటోణ్ణి, ఇంట్ల మనిషిని చూడలే." రోజూ మూడింటికి మెలకువ వచ్చేది ఎందుకో అప్పుడు అర్థమైంది.

ఇలాంటి చోట నీ తప్పేం లేదులే అని తొందరగా అనేస్తే మనిషి మళ్ళీ మూసుకుపోతాడు. ఆయన్ని చెప్పనిచ్చాను. ఆ రాత్రి ఏం తిన్నారు, ఆమె ఏ పక్కన పడుకుంది, ఏం మాట్లాడింది, అన్నీ. అదయ్యాక ఇంకో రోజు, ఆడవాళ్ళలో, అందులోనూ షుగర్ ఉన్నవాళ్ళలో గుండెపోటు సినిమాల్లో చూపించినట్టు ఛాతీ పట్టుకుని పడిపోయినట్టు రాకపోవచ్చని, గ్యాస్‌లా, వీపునొప్పిలా, ఉత్త ఆయాసంలా రావచ్చని, చదువుకున్నవాళ్ళు కూడా పొరబడతారని చెప్పాను. ఆమెకీ షుగరే. ఆయన "డాక్టర్లు కూడ పొరబడ్తరా" అని రెండు మూడుసార్లు అడిగారు, అంత తేలిగ్గా నమ్మలేదు, నమ్మాలని నేనూ తొందరపెట్టలేదు.

ఈ మాట పిల్లలకి చెప్పాలా వద్దా అన్నది ఆయన ఇష్టానికే వదిలేశాను. కొన్నాళ్ళకి ఆయనే కూతుర్ని లోపలికి పిలవమన్నారు. చెప్పారు. కూతురు ఏడుస్తుందనుకున్నా, ఏడవలేదు, కాసేపాగి "బాపు, అమ్మ ఆ రోజు సాయంత్రం నాకు ఫోన్ల చెప్పింది, మెట్లెక్కితే దమ్మొస్తుందే అని. ఎండలకు అట్లనే ఉంటది, మజ్జిగ తాగమన్న" అంది. ఇద్దరూ ఏడాది పైన ఒకే మాటని విడివిడిగా మోస్తున్నారు. అప్పుడు ఇద్దరూ ఏడ్చారు, నేను నీళ్ళిచ్చి పక్కన కూర్చున్నా, ఆ సెషన్‌లో నేను చేసిన పని అంతే.

డయాగ్నోసిస్ గురించి రెండు మాటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ 11లో దీర్ఘకాలిక దుఃఖం అనేది విడి జబ్బుగా ఉంది, ఆరు నెలలు దాటాలి అంటుంది, అమెరికా వాళ్ళ మానసిక జబ్బుల పుస్తకం డీఎస్ఎంలో 2022లో చేర్చారు, అక్కడ పెద్దలకి ఏడాది. మా డాక్టర్ డిప్రెషన్ అనే రాశారు, దుఃఖం దాని లోపల ఉందని మేమిద్దరం అనుకున్నాం. నిద్ర, ఆకలి, బరువు, పనికిరానివాణ్ణి అనే భావన అన్నీ ఉన్నప్పుడు ఇది దుఃఖమేలే, కాలమే మానుస్తుంది అని వదిలెయ్యకూడదు.

ఫోన్ కాల్స్, కెమెరా

1950ల్లో అమృత్‌సర్ మెంటల్ హాస్పిటల్లో డాక్టర్ విద్యాసాగర్ పేషంట్లతో పాటు వాళ్ళ కుటుంబాలని కూడా ఆవరణలో టెంట్లు వేసి ఉంచేవారు. నాకు ఈ పని నేర్పినవాళ్ళు ముందు చెప్పింది ఆ టెంట్ల గురించే. దాదాపు అదే కాలంలో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే ఆయన మొదలుపెట్టిన పరిశోధనలో, హాస్పిటల్ నుంచి ఇంటికెళ్ళిన స్కిజోఫ్రేనియా పేషంట్లకి జబ్బు తిరగబెట్టడానికీ ఇంట్లో మాటల తీరుకీ సంబంధం ఉందని తేలింది, తర్వాత డిప్రెషన్‌లోనూ అదే చూశారు. తిట్లు, కోపం ఒక్కటే కాదు, అతిగా పట్టించుకోవడం కూడా ఆ లిస్టులో ఉంది. మన ఇళ్ళలో అది ప్రేమగానే కనిపిస్తుంది కాబట్టి చెప్పడం కష్టం.

డల్లాస్‌లో రాత్రి, ఇక్కడ పొద్దున, అక్కాతమ్ముళ్ళని వీడియోలో కలిపి కూర్చోబెట్టాం. పోయిన వారం బాపుతో ఏం మాట్లాడారో మాటకి మాట చెప్పమన్నాను. కొడుకు చెప్పాడు: తిన్నవా, గోళీలేసుకున్నవా, షుగర్ ఎంతుంది, స్నానం చేసినవా, పదకొండైంది ఇంకా లేవలేదేంది, కెమెరాల చూస్తున్న. అక్క చెప్పినవి కూడా దాదాపు అవే. తర్వాత అమ్మ ఉన్నప్పుడు బాపుతో ఏం మాట్లాడేవాళ్ళని అడిగితే ఇద్దరూ ఆగిపోయారు. ఫోన్ ఎప్పుడూ అమ్మదే, అరగంట ఆమెతో, చివర్లో "బాపుకియ్యి" అంటే "ఆ, మంచిగున్నవా, సరే" అంతే. ఆమె పోయాక పిల్లలకీ తండ్రికీ మధ్య మాట్లాడుకునే మాటలే లేవు, ఆ ఖాళీలోకి ఈ చెకింగ్ వచ్చి కూర్చుంది. అబ్బాయి మంచివాడు, నెలనెలా డబ్బు పంపుతాడు, ఆయన ఒక్క రూపాయి తియ్యలేదని అప్పుడే తెలిసింది వాడికి.

తువ్వాల సంగతి పెద్దాయన్నే చెప్పమన్నాం. "నా ఇంట్ల నేను బనీన్ మీద కూసుంటే నా కొడుకు అమెరికల చూస్తుండు, కోడలు చూస్తది. సిగ్గనిపించదా" అన్నారు. అనుమానం లేదు, జబ్బు లేదు, సిగ్గు. కొడుకు చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత మెల్లగా "నువ్ పడిపోతే ఎట్ల తెలుస్తది బాపు, నాకు రాత్రి నిద్ర పట్టదు" అన్నాడు. ఈ భయం కూడా నిజమైనదే, దాన్ని కొట్టిపారెయ్యలేం. హాల్లో కెమెరా తీసేసి గేటు దగ్గర ఒకటి ఉంచారు, పొద్దున ఎనిమిదిలోపు ఆయన పైవాళ్ళకి గేటు తాళం చెవి ఇవ్వాలి, రాకపోతే వాళ్ళు కిందికి దిగి చూస్తారు. గ్యాస్ కోసం వంటింట్లో ఆటోమేటిక్‌గా ఆగే స్టవ్ పెట్టించారు. కేర్ హోమ్ మాట ఆరు నెలలు ఆపుదామని ఒప్పుకున్నారు, నేను దాన్ని చెడ్డదని అనలేదు, అవసరమైనవాళ్ళకి అది మంచి దారే, కానీ ఆయన్ని అడగకుండా తీసుకునే నిర్ణయం కాకూడదు.

కాల్స్ వారానికి రెండు చాలన్నాం, మందులు, షుగర్ ప్రశ్నలు అక్క వారం డబ్బా చూసుకుంటుంది కాబట్టి కొడుకు అడగక్కర్లేదు. మరేం అడగాలి అన్నాడు. నీకు తెలియనిది, ఆయనకి మాత్రమే తెలిసింది ఏదైనా అడుగు అన్నాను. ఆ ఇల్లు ఎట్లా కట్టారని అడిగాడట. సీసీఎస్ అనే ఆర్టీసీ ఉద్యోగుల సహకార పరపతి సంఘంలో లోన్ తీసి ప్లాట్ కొన్నది, చుట్టూ ముళ్ళకంపలే, నీళ్ళు మోసి ఇటుకలు తడిపింది, స్లాబ్ వేసే రోజు వాన వస్తే భార్య పుస్తెలతాడు కుదవపెట్టి మళ్ళీ సిమెంట్ తెచ్చింది, అన్నీ చెప్పారట, అబ్బాయికి ఒక్కటీ తెలియదు. ఆ కాల్ ఎంతసేపు నడిచిందో కూతురు నాకు చెప్తుంటే ఆమె మొహంలో కొంచెం అసూయ కూడా కనిపించింది, అది మంచిదే అనుకున్నా.

పని, మనుషులు

డిప్రెషన్‌లో మనసు బాగయ్యాక పని చేద్దాం అని కూర్చుంటే ఆ రోజు రాదు, చిన్న పని ముందు, మనసు వెనకాల వస్తుంది. కూతురు పార్కులో లాఫింగ్ క్లబ్‌లో చేర్పించింది, "ఉత్తగ నవ్వుడేంది" అని రెండో రోజే మానేశారు, నేనూ బలవంతం వద్దన్నా. డిపోలో బండి బండికీ జాబ్ కార్డు రాసేవారు కదా, అదే పద్ధతిలో ఒక నోట్‌బుక్‌లో రోజుకి రెండు పనులు రాసుకుని, అయ్యాక టైం వేసి సంతకం పెట్టమన్నాం. మొదట స్నానం, గేటు తాళం. తర్వాత వంట. వంటమనిషి కూర ఎందుకు తినట్లేదంటే మసాలా కారమట, ఆయనకి కావాల్సింది పచ్చిపులుసు. పైనుండే ఆమె చింతపండు ఎంత నానెయ్యాలో, ఉల్లిగడ్డ ఎట్లా కొయ్యాలో పక్కన నిలబడి చూపించింది, 71 ఏళ్ళలో మొదటిసారి కత్తిపీట ముందు కూర్చున్నారు. బరువు మెల్లగా ఎక్కింది.

ఎక్కువ తేడా తెచ్చింది మాత్రం ఒక రిటైర్డ్ కండక్టర్. ఆయన పెద్దాయనకి పాత దోస్తు, ఫోన్ ఎత్తట్లేదని అలిగి రావడం మానేశాడు. కూతురు వెళ్ళి బాపుకి బాగోలేదని ఉన్నదున్నట్టు చెప్పింది, ఇట్లాంటివి బయటికి చెప్పుకోవద్దని మన ఇళ్ళలో గట్టిగా అనుకుంటారు కాబట్టి ఆమెకి చాలా కష్టమైంది. ఆయన వెంటనే వచ్చాడు, ఖాళీ చేతుల్తో రాలేదు, ఈపీఎస్-95 అనే పీఎఫ్ వాళ్ళ పెన్షన్ స్కీం కాగితాల కట్ట పట్టుకొచ్చాడు. ఆ స్కీంలో కనీస పెన్షన్ 2014 నుంచి నెలకి 1000 రూపాయలు, దాని చుట్టూ దరఖాస్తులు, మీటింగులు, ఆ తతంగమంతా ఈయనకి బాగా తెలుసు. "నువ్ లేకుంటే ఎవనికి రాయొస్తలేదే" అన్నాడట. ఇప్పుడు ప్రతి మంగళవారం నలుగురైదుగురు ఆ వరండాలో కూర్చుంటారు, నేను ఇంటికి వెళ్ళిన రోజు పెద్దాయన కళ్ళజోడు ముక్కు మీదికి దించి ఒకాయన ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుందని గట్టిగా కోప్పడుతున్నారు. ఎదుటివాళ్ళకి పనికొచ్చే పని ఇచ్చిన బలం నా సెషన్లు ఇవ్వలేవు, ఇది నేను నమ్మి చెప్తున్నా.

పెత్రమాస, అంటే పోయినవాళ్ళ పేరు మీద బియ్యం ఇచ్చే అమావాస్య, అది కూడా ప్లాన్‌లో పెట్టాం. భార్య పోయాక వచ్చిన మొదటి పెత్రమాసకి ఆయన బియ్యం ఇవ్వలేదు, ఎప్పుడూ అన్నీ ఆమే సర్దేది, ఏమేం పెట్టాలో తెలియక, అడగలేక తలుపేసుకుని ఉండిపోయారు. ఈసారి కూతురు ముందురోజే వచ్చింది, ఇద్దరూ కలిసి బియ్యం, పప్పు, కూరగాయలు కొన్నారు, ఆమె పేరు చెప్పి ఆయనే తన చేత్తో ఇచ్చారు. సాయంత్రం గల్లీలో ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతుంటే బయట కుర్చీ వేసుకుని చూశారట.

ఇప్పుడెలా ఉంది

జీడీఎస్ 11 నుంచి 4కి వచ్చింది. జ్ఞాపకశక్తి పరీక్షలో 21 నుంచి 26. అల్ప్రాజోలం పూర్తిగా ఆగిపోయింది, కూతురు మెడికల్ షాపతన్ని కలిసి ఆ పాత చీటీ మీద ఇవ్వొద్దని చెప్పి వచ్చింది. పొద్దున లేవకపోతే బాగుండనే మాట ఇప్పుడు లేదంటున్నారు, అయినా ప్రతి విజిట్‌లో అడుగుతూనే ఉన్నాం.

పూర్తిగా సర్దుకుందని చెప్పను. 26 అంటే కాసేపటి క్రితం చెప్పిన మాటలు గుర్తు తెచ్చుకోవడంలో ఇంకా కొంచెం తడబాటు ఉంది, అది డిప్రెషన్ మిగులా, డిమెన్షియా మొదలా అన్నది కాలమే చెప్పాలి, అందుకే ఏడాదికోసారి పరీక్ష మళ్ళీ చేస్తాం, పిల్లలకీ ఈ మాట దాచకుండా చెప్పాం. అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకుంటున్నారు కానీ ఖర్చు విషయం వస్తే గొంతులు ఇంకా మారతాయి, వాళ్ళిద్దరితో విడిగా ఇంకో రెండు మీటింగులు కావాలి. కొడుకు పంపే డబ్బు మాత్రం ఆయన ఇంకా తియ్యట్లేదు. ఎస్సిటాలోప్రామ్ కనీసం ఏడాది కొనసాగించాలని డాక్టర్ చెప్పారు, సోడియం, బి12 మధ్యమధ్యలో చూస్తారు.